పేరు మారింది, కేసు వాయిదా పడింది

సుప్రీంకోర్టుకు ఇప్పుడు వేసవి సెలవులు లేవు. 2024 నవంబరులో నిబంధనలు సవరించి వాటికి ‘పాక్షిక పనిదినాలు’ అని నామకరణం చేశారు. అంతకు నెల ముందే న్యాయమూర్తుల గ్రంథాలయంలో కొత్త న్యాయదేవత అందరి కంటా పడింది. కళ్లకు గంతలు లేవు, చేతిలో కత్తికి బదులు రాజ్యాంగం. దేశంలో పేరుకుపోయిన అయిదు కోట్ల పైచిలుకు కేసులను ఆవిడ ఇక కళ్లారా చూసుకోవచ్చు.

వాయిదాల మీద యుద్ధానికీ ఘనచరిత్రే ఉంది. సివిల్ దావాలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వరాదన్న నిబంధన 2002 జులై 1 నుంచి అమల్లో ఉంది. మరీ తప్పనిసరైతే నాలుగోదీ ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు 2005లో వివరించింది. తప్పనిసరి పరిస్థితులకు మన దగ్గర కొరతా? సీనియరుగారు హైకోర్టులో ఉన్నారు, సాక్షికి జ్వరం, జడ్జిగారు సెలవు. బంట్రోతు కేక పూర్తికాకముందే జూనియరు లేచి ‘టైమ్ కావాలండీ’ అంటాడు. కక్షిదారు బస్టాండు దారి పడతాడు.

చెక్ బౌన్స్ కేసుల కథ ఇంకా ముచ్చటైనది. ఫిర్యాదు వేసిన ఆరు నెలల్లో విచారణ ముగించేందుకు ప్రయత్నించాలని చట్టంలో 2002లోనే చేర్చారు. ప్రయత్నించారు కాబోలు! 2019 ఆఖరుకు పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35 లక్షలు ఇవే. నిందితుడికి సమన్లు అందకే చాలా కేసులు మొదటి మెట్టు మీద కూలబడతాయి. గడువు రాసింది పార్లమెంటే అయినా సమన్లు పట్టుకుని గడప గడపకూ తిరగాల్సింది కానిస్టేబులు. అతనికేమో బందోబస్తు డ్యూటీ.

అయినా గడువుల మీద మోజు తీరలేదు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత క్రిమినల్ విచారణలో వాయిదాలను రెండుకు పరిమితం చేసింది. సివిల్‌లో మూడు దగ్గర ఆగని బండి క్రిమినల్‌లో రెండు దగ్గర ఆగుతుందట!

జడ్జిల సంఖ్య మాట మాత్రం ఎత్తకూడదు. పది లక్షల జనాభాకు 50 మంది కావాలని లా కమిషన్ 1987లో చెప్పింది. ఇప్పటికి మంజూరైన పోస్టులే 21 దగ్గర ఉన్నాయి, వాటిలోనూ ఖాళీలు. 2016లో ప్రధాన న్యాయమూర్తి టి.ఎస్. ఠాకూర్ ప్రధాని ఎదుటే ఈ సంగతి చెబుతూ కంటతడి పెట్టుకున్నారు. ఆ పదవిలోకి వచ్చిన మన ఎన్.వి. రమణ 2021లో మరో లెక్క విప్పారు: 26 శాతం కోర్టు సముదాయాల్లో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు. పేరు మారిస్తే తీరే సమస్య కాదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు.

అసలు వినోదం సర్కారువారిది. అందరికీ గడువులు రాసేది వారే, దేశంలో అతిపెద్ద కక్షిదారూ వారే. కౌంటరు వేయడానికి నాలుగు వారాలు, ఆపై ఇంకో నాలుగు వారాలు అడిగేది ప్రభుత్వ ప్లీడరే. తీర్పు వచ్చాకా ఇదే తీరు. ఆంధ్రప్రదేశ్‌లో బడి ఆవరణల్లోంచి గ్రామ సచివాలయాలను తీసేయమని హైకోర్టు 2020లో ఆదేశిస్తే అధికారులు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. 2022 మార్చిలో కోర్టు ధిక్కారం కింద ఎనిమిది మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలు పడింది. క్షమాపణ కోరగానే అది సంక్షేమ హాస్టళ్లలో సేవగా మారింది. ఆ క్షమాపణకు మాత్రం ఎవరూ వాయిదా అడగలేదు.