పైన బరువు, కింద ప్రాణాయామం

ఏడు గంటల నిద్ర లేనిదే ఆరోగ్యం లేదని బోధించడానికి మమ్మల్ని తెల్లవారుజామున మూడింటికి లేపారు.

శనివారం. హైదరాబాద్ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట రెండు వందల కిలోమీటర్ల పైమాటే. నాలుగింటికి మా కంపెనీ ఆరోగ్య యాత్ర బస్సు కదిలింది. కంపెనీ పేరు చెప్పను. మీ కంపెనీ పేరు పెట్టుకుని చదువుకోండి, ఎక్కడా తేడా రాదు. బస్సుకు కట్టిన బ్యానర్ మీద ఆరోగ్యకరమైన అలవాట్లు ఏడు అచ్చేశారు. మూడోది ‘కుటుంబంతో గడపండి’. కుటుంబం ఇంట్లో నిద్రపోతోంది. మేం బస్సులో ఆవలిస్తున్నాం. రావడం మీ ఇష్టమే అన్నారు గానీ, రానివాళ్లు కారణం రాసివ్వాలన్నారు.

పాలంపేటను ఇప్పటికీ వరంగల్ జిల్లా అనే అంటాం. ములుగు జిల్లా వచ్చింది 2019లో. ఆ ఒక్క మాటే ఇన్నేళ్లయినా నోటికి అలవాటు కాలేదు, ఏడు అలవాట్లు ఒక్క శనివారంలో అవుతాయట!

రామప్ప చెరువు కట్ట పక్కన చాపలు పరిచారు. కళ్లు మూసుకోండి, ఫోన్లు కట్టేయండి, మనసు మీది భారం దించేయండి అన్నాడు శిక్షకుడు. నా జేబులో ఫోన్ వణికింది. సోమవారం ప్రెజెంటేషన్ రేపు రాత్రికల్లా కావాలని మేనేజరు మెసేజ్. ఆయన ఎక్కడో లేడు, నాకు రెండు చాపల అవతలే పద్మాసనంలో ఉన్నాడు. ఒక కన్ను మూసే ఉంచాడు, పాపం.

ఫోన్లు కట్టేసినవాళ్లం మళ్లీ తెరవాల్సి వచ్చింది. అడుగుల పోటీ ఉంది కదా! పదివేలు ముందు పూర్తిచేసినవాడికి నీళ్ల సీసా బహుమతి. ఈ పదివేల లెక్క ఏ వైద్యుడో రాసిచ్చింది అనుకునేరు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరొకటి అమ్మకానికి పెడుతూ దానికి పదివేల అడుగుల మీటరని పేరు పెట్టారు. సరుకు పేరు శాస్త్రమైపోయింది. మావాడొకడు కట్ట మీద చతికిలబడి, వాచీ కట్టిన చెయ్యిని గంటసేపు ఊపాడు. సీసా వాడికే వచ్చింది. ఆ రోజు మొత్తం మీద కంపెనీ పద్ధతిని సరిగ్గా అర్థం చేసుకున్నవాడు వాడొక్కడే.

కట్ట కింద పొలాల్లో నాట్లు పడుతున్నాయి. ‘చూడండి, ప్రకృతి ఒడిలో ఎంత ప్రశాంతంగా ఉన్నారో’ అంటూ శిక్షకుడు వాళ్లను ఫోటో తీశాడు. మాలో ఒకావిడ ఉత్సాహం పట్టలేక గట్టు దిగి, రోజుకు ఎన్ని అడుగులు నడుస్తావమ్మా అని ఒక పెద్దామెను అడిగింది.

‘అడుగులెవ్వలు లెక్కవెడ్తరు బిడ్డా, కైకిలి పైసలు లెక్కవెట్టుకునుడే ఉన్నది. మోకాళ్లు అరిగిపోయినయ్. గోలీలేమన్న తెచ్చిన్రా?’

మా దగ్గర గోలీలు లేవు. గ్రీన్ టీ ఉంది.

మధ్యాహ్నం గుడి చూశాం. చదివింపుల్లో వచ్చిన గడియారంలా పనికిరాని రోజు అనుకుంటున్న నాకు, అసలు పాఠం అక్కడ దొరికింది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. లోపలున్నది రామలింగేశ్వరుడైనా గుడిని శిల్పి రామప్ప పేరుతోనే పిలుస్తున్నామని గైడ్ చెబుతుంటే, మా టీమ్ లీడర్ శిఖరం వైపు చూడసాగాడు. మేం చేసిన పనికి మా పేరు మెయిల్ చివరన కూడా పెట్టని మహానుభావుడు.

ఆ శిఖరం సంగతే చెప్పాలి. అది కట్టిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయి. రాతి స్తంభాల మీద భారం పడకూడదని పైభాగాన్ని అంత తేలికగా కట్టారు. పునాదిలో ఇసుక నింపారు. గుడిని ఎనిమిది వందల ఏళ్లుగా నిలబెట్టిన ఉపాయం ఇదీ: పైన బరువు తగ్గించడం, కింద మెత్తగా ఆనించడం. స్తంభాలను నిలబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చుకోండని ఎవరూ చెప్పలేదు.

మన ఏలికల వాస్తు ఇందుకు పూర్తిగా తలకిందులు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ వారానికి 90 గంటల పని గురించి మాట్లాడుతూ, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపు చూస్తారని అడిగారు. జూన్‌లో ఆంధ్ర మంత్రివర్గం రోజుకు 9 గంటల పనిని 10 చేసేందుకు సరేనంది. జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలన్న షరతూ ఉంది. ఓవర్‌టైమ్ చూసిన ఐటీ ఉద్యోగి ఎవరైనా ఉంటే కాస్త నాకూ చూపించండి. అతిగా గంటలు పనిచేయడం వల్ల వచ్చిన పక్షవాతం, గుండెజబ్బులతో 2016లో ప్రపంచంలో 7,45,000 మంది చనిపోయారని డబ్ల్యూహెచ్‌వో, ఐఎల్‌వో కలిసి లెక్క తేల్చాయి. ప్రమాదం మొదలయ్యేది వారానికి 55 గంటల దగ్గర. బస్సు బ్యానర్ మీద ఈ అంకెకు చోటు దొరకలేదు.

నడకను, ప్రాణాయామాన్ని నేను తిట్టడం లేదు. సాయంత్రం అరగంట నడిస్తే నాకు నిజంగానే బావుంటుంది. ఆకలేస్తుంది, నిద్ర పడుతుంది, పిల్లల మీద అరవబుద్ధి కాదు. ఆ సంగతి నాకు చెప్పడానికి శిక్షకుడు అక్కర్లేదు. నాకు కావాల్సింది ఆరు గంటలకు ఆఫీసు తలుపు తెరుచుకోవడం. నా ఆరు గంటల వేళను తమ దగ్గర పెట్టుకుని, నాలో పట్టుదల లేదంటున్న పెద్దమనుషుల మీదే నా కోపం. వాళ్లే కొట్టి, వాళ్లే కాపడం పెట్టి, కాపడానికి మా చేత చప్పట్లు కొట్టిస్తారు.

ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఫోన్ తెరిస్తే మెయిల్ ఉంది. ఒత్తిడి ఎంత తగ్గిందో ఒకటి నుంచి పదిలోపు అంకె వేసి పంపాలట, పంపనివాళ్ల పేర్లు మేనేజరుకు వెళ్తాయట. గడువు ఆదివారం రాత్రి పన్నెండు. ప్రెజెంటేషన్ గడువూ అదే.