జేబులోని చారుడు

రాజులు చారచక్షువులని పెద్దలు చెప్పిరి. ఆ కన్నులను పోషించుట ఎంత వ్యయప్రయాసలతో కూడిన పనియో కౌటిల్యుడెరుగును. కనుకనే సన్న్యాసి వేషమున ఒకనిని, కాపు వేషమున ఒకనిని, వర్తక వేషమున ఒకనిని నియమించి, ఒక్కొక్కనికి వేయి పణములు జీతమని అర్థశాస్త్రమున లెక్క వ్రాసిపెట్టెను. నేడు ఆ ఖర్చు ఎవరికిని లేదు. చారుని మనమే వాయిదాల మీద కొని, రాత్రి చార్జింగు పెట్టి, నెలనెలా రీచార్జి చేయించి, అద్దము పగులకుండ కవరు తొడిగి, చొక్కాజేబులో గుండెకు ఆనించి మోయుచున్నాము.

హనుమకొండలో పింఛనుతో కాలక్షేపము చేయుచున్న నాకు ఈ జ్ఞానము కుమారుని వలన కలిగెను. డాలస్‌లో ఉద్యోగము చేయు మావాడు సంక్రాంతికి వచ్చి, "నాన్నా, ఒకసారి ఫోనియ్యి" అని నాలుగు నొక్కులు నొక్కి తిరిగి ఇచ్చినాడు. నాటినుండి వాని తెరమీద నేనొక నీలిచుక్కనైతిని. సాయంకాలము చౌరస్తాలో బజ్జీల బండివద్ద ఆగితినా, అక్కడ తెల్లవారి పండ్లు తోముకొనుచున్న పుత్రరత్నము "షుగరెంతుంది నాన్నా?" అని సందేశము పంపును. ఒకనాడు ఉపగ్రహ సంకేతము సరిగా అందక, టవరు లెక్కతో ఆ చుక్క భద్రకాళి చెరువు నడుమ నిలిచినదట. మావాడు ఎదురింటివారిని పరుగెత్తించినాడు. పూడిక తీయుటకై చెరువును ఖాళీ చేసిన రోజులు గనుక, మునిగినానని నిర్ధారించుటకు నీరులేక, నేను బ్రతికిపోతిని.

కోపము వచ్చి, స్నేహితుడైన వకీలు వద్దకు పోతిని. ఆయన చెప్పిన సంగతులు విని నాకు దిగ్భ్రమ కలిగెను. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. 2024 జూలై 8న సుప్రీంకోర్టు మరియొక అడుగు ముందుకు వేసి, మాదకద్రవ్యాల కేసులో బెయిలు పొందిన ఒక విదేశీయునికి, దర్యాప్తు అధికారి చూచునట్లు గూగుల్ పటము మీద గుర్తు పెట్టియుంచవలెనన్న షరతును కొట్టివేసెను. బెయిలు మీదున్నవాని ప్రతి కదలికను పోలీసులు కనిపెట్టియుండుట గోప్యతా భంగమని తేల్చెను. ఆ గుర్తుతో ఎడతెగక వెంబడించుట సాధ్యమే కాదని గూగుల్ సంస్థ కోర్టుకు చెప్పుకొనుట ఈ కథలోని హాస్యరసము.

"అయితే ముద్దాయికి ఉన్న హక్కు నాకును ఉన్నదన్న మాట" అంటిని.

"ఉన్నది, మీరు ముందు ఏదైనా నేరము చేసి రావలెను" అనెను వకీలు. "2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మీ సమ్మతి అడుగుమని సంస్థలను శాసించును గాని, వ్యక్తి తన ఇంటి అవసరమునకు చేయు పనికి వర్తించదు. మీవాడు మీకు ఇంటివాడు గదా!"

వినగా వినగా మన నీతి యొక్క సౌష్ఠవము నాకు బోధపడినది. పరాయి స్త్రీ వెంటబడి, ఆమె ఫోను వాడుకను కనిపెట్టియుండు పురుషునికి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను మొదటి తప్పునకు మూడేండ్ల వరకు ఖైదు విధించును. మూడు ముళ్ళు పడిన పిమ్మట అదే పనికి లోకము బాధ్యత యని పేరు పెట్టును. 2007లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, విడాకుల దావాలో భార్య సంభాషణలను ట్యాపు చేసి సాక్ష్యముగా తెచ్చిన భర్తతో, ఆ పని చట్టవిరుద్ధమనియు, భార్య గోప్యతకు భంగమనియు చెప్పెను. ఆ తీర్పు మన కాలనీలకు ఇంకను చేరినట్లు లేదు. ఇక ఏలినవారి సంగతి: ప్రతిపక్షుల ఫోనులు వినిరని, ఎన్నికల ఫలితములు రాగానే హార్డుడిస్కులను ధ్వంసము చేసిరని 2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో నమోదైన కేసు తేల్చవలసినది న్యాయస్థానము గనుక నేను మౌనము వహింతును. ఒక్క మాట మాత్రము చెప్పవచ్చును: ఆ వార్తలు చదివి పత్రికను నేలకు విసరికొట్టిన తండ్రియే, మరునిమిషమున హాస్టలులోని కూతురి చుక్క హాస్టలులోనే ఉన్నదో లేదో చూచుకొనుచుండెను.

అన్నిచోట్లను ఇది పాపమని నేననను. మేడారము జాతరలో చేయి జారిన పసిబిడ్డకు అట్టి చుక్క యొకటి ఉండిన, మైకులో పేరు పిలువకమునుపే తల్లి ఒడికి చేరును. అయితే బిడ్డ దొరికిన తరువాత ఆ వెదకులాట ముగియవలెను. మన ఇండ్లలో తప్పిపోనివారిని జీవితాంతము వెదకుచున్నాము.

మొన్న శుక్రవారము నేనొక ఉపాయము పన్నితిని. భద్రకాళి గుడివద్ద పూలమ్మునామె దగ్గర ఫోనునుంచి, చౌరస్తాకు పోయి, నాలుగు బజ్జీలు నిర్భయముగా తిని, రెండు గంటలకు తిరిగివచ్చితిని. ఆమె బుట్టవెనుక నా వంటి వృద్ధుల ఫోనులు మరి మూడు భక్తితో కూర్చుండి యున్నవి.

"సారూ, నీ కొడుకు ఫోన్ జేసిండు. చుక్క కదుల్తలేదని బగ్గ భయపడ్డడు" అన్నది.

నెలన్నరగా మావాని గొంతు నేను వినలేదు. చుక్క కదలుచున్నంత కాలము వానికి మాటాడవలసిన పని లేకపోయెను.

"నువ్వేమి చెప్పితివమ్మా?"

"మంచిగున్నడు బిడ్డా, గుళ్ళె ఉన్నడని చెప్పిన. మోకాళ్ళ నొప్పితోని మెట్లు ఎక్కలేకపోతున్నడని గూడ చెప్పిన. ఆ ముచ్చట వానికి ఎరుకే లేదట!"

ఫోను కాచినందుకు ఆమె పది రూపాయలు పుచ్చుకొన్నది. రూపాయిని పణముగా లెక్కించినచో, కౌటిల్యుని ప్రకారము ఆ తల్లికి నేనింకను తొమ్మిదివందల తొంబది బాకీ.