డ్రాకో రాత మోస్తున్న రాయిని

నేను పాలరాతి శాసనాన్ని. ఏథెన్స్‌లోని శాసనాల మ్యూజియంలో ఉంటాను. మరీ క్రూరమైన చట్టాన్ని ఇంగ్లీషులో ‘డ్రకోనియన్’ అంటారు కదా, ఆ మాటకు మూలమైన ఏథెన్స్ శాసనకర్త డ్రాకో చట్టంలో నేటికి మిగిలిన వాక్యాలు నా ఒంటి మీద ఉన్నాయి.

ఆయన చట్టాలు రాసింది క్రీ.పూ. 621 ప్రాంతంలో. అంతకుముందు హత్య జరిగితే పగ తీర్చుకోవడం చనిపోయినవాడి బంధువుల పని. ఆయన రాతకు రాతిరూపమివ్వాలని రెండు వందల ఏళ్లు దాటాక, క్రీ.పూ. 409లో ప్రజాసభ తీర్మానించింది. వరసకు 50 అక్షరాల చొప్పున, మాటకూ మాటకూ మధ్య సందు లేకుండా చెక్కి నన్ను రాజమంటపం ముందు నిలబెట్టారు. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలు మరుగున పడి, 1843లో మళ్లీ బయటపడ్డాను.

కూరగాయలు దొంగిలించినా, గుడిని దోచినా డ్రాకో మరణశిక్షే వేశాడని చరిత్ర రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆ చట్టాలను సిరాతో కాదు, నెత్తురుతో రాశారని డెమాడెస్ అనే వక్త అన్నాడట. ఇది కట్టుకథ అని నేననను. క్రీ.పూ. 594లో ఏథెన్స్ సంస్కర్త సోలోన్ వాటిని రద్దు చేశాడంటే జనం ఎంత నలిగిపోయారో తెలుస్తూనే ఉంది. అందుకే ‘డ్రకోనియన్’ అన్న మాటను చులకనగా వాడితే నాకు బాధ. ఆఫీసుకు ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఒక పూట జీతం కోస్తే అది కఠినం, అంతే. తప్పు గోరంత, శిక్ష కొండంత అయినప్పుడు, తన మాట చెప్పుకునే దారి కూడా మనిషికి మూసేసినప్పుడు ఆ మాట అనాలి. విచారణ లేకుండా జైల్లో పెట్టే వీలు కల్పించిన 1919 నాటి రౌలట్ చట్టానికి అది అచ్చంగా తగుతుంది. తెలుగువాళ్లు అలాంటివాటిని నల్లచట్టాలంటారు.

అయితే సోలోన్ ఒక్క హత్యాచట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు. నా మీద ఉన్నది అదే, చదివి చూడండి. ముందుగా అనుకోకుండా చంపినా సరే, చంపినవాడు దేశం విడిచిపోవాలి. ఉరి మాట లేదు. చనిపోయినవాడి తండ్రి, అన్నదమ్ములు, కొడుకులు ఉంటే వాళ్లందరూ ఒప్పుకుంటే క్షమించవచ్చు. ఒక్కరు కాదన్నా కుదరదు. వాళ్లెవరూ లేకపోతే దాయాదుల దాకా అడగాలి. వాళ్లూ లేకపోతే, హత్య అనుకోకుండా జరిగిందని 51 మంది న్యాయనిర్ణేతలు తేల్చాక, వాళ్లు ఎంచిన పదిమంది కులపెద్దలు ఇష్టపడితే వాణ్ణి తిరిగి రానిస్తారు. తన సొత్తును అన్యాయంగా, బలవంతంగా లాక్కుపోతున్నవాణ్ణి అక్కడికక్కడే ఎదిరించి చంపితే దానికి పరిహారం లేదు. చంపిన చెయ్యి ఒకటే అయినా, చంపిన మనసు ఎలాంటిదో తూచి చూసే ఓపిక ఈ రాతలో ఉంది. నా అక్షరాలు చాలాచోట్ల అరిగిపోయాయి. ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ ప్రసంగాల్లో ఇదే చట్టం ఉండటంతో పండితులు కొన్ని ఖాళీలు పూరించగలిగారు.

అలా పూరించినవాటిలో నాకు ప్రాణమైన నిబంధన ఒకటుంది. దేశం విడిచిన హంతకుడు సరిహద్దు సంతలకూ, ఆటల పోటీలకూ, నలుగురు కలిసే క్రతువులకూ దూరంగా ఉన్నంతకాలం వాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. అలా దూరంగా ఉన్నవాణ్ణి పగతో చంపితే, ఏథెన్స్ పౌరుణ్ణి చంపినవాడికి పడే శిక్షే పడుతుంది. విచారించేది కూడా ఆ 51 మంది న్యాయనిర్ణేతలే.