కుండీ సంజీవని: మా అక్కయ్య వాక్యత్రయానికి టీకా తాత్పర్యం

మూలం

ఒరేయ్, దాని కుండీ మార్చు. మరీ పెద్దది కొనకు. నీళ్ళు పోసి చంపకు.

అవతారిక

కూనూరులో ఉండే మా అక్కయ్య మొన్న శ్రావణమాసంలో హైదరాబాదు వచ్చి, రెండు రోజులుండి, మళ్ళీ రైలెక్కబోయే ముందు క్యాలెండరు కాగితం వెనక ఈ మూడు వాక్యాలు రాసి ఫ్రిజ్జు తలుపుకి అంటించి వెళ్ళింది. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. ఇన్నాళ్ళూ చేసిందేమిటని అడిగితే, గ్రంథాన్ని మననం చేశానని మనవి.

పంచకావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది మన మెదకు జిల్లా కొల్చారమంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగమే నా వల్ల అవుతుంది. మూలమంటే వేరు అనే అర్థం కూడా ఉంది కనక, ఈ గ్రంథానికి మూలాన్ని వదిలి వ్యాఖ్యానం చెయ్యడం ఎలాగూ కుదరదు. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. మొక్క ఇంకా బతికే ఉంది కాబట్టి ఆ పేరు నేనూ వాడుకుంటున్నాను.

ప్రతిపదార్థం

ఒరేయ్ = ఓ తమ్ముడా! సంబోధనం. నాకు యాభై ఎనిమిదేళ్ళు, ఒక మనవడు. అయినా ఈ పిలుపుకి అక్కయ్య దగ్గర కాలదోషం పట్టదు. వాచ్యార్థం పిలుపే. వ్యంగ్యార్థం, ‘చెప్పినా నువ్వు చెయ్యవని తెలుసు’ అని.

దాని = ఆ మొక్క యొక్క. ఏ మొక్క? బాల్కనీలో తులసి, కరివేపాకు, మనీప్లాంటు, జిరేనియం నాలుగూ ఉన్నాయి. ‘దాని’ అంటే తులసి అని మా ఆవిడ పక్షం. అది పొసగదు. తులసిని మా అక్కయ్య ఏనాడూ ‘అది’ అనలేదు, ‘అమ్మ’ అంటుంది. కరివేపాకు వైపు ఆమె చూడనే లేదు. బయల్దేరే ముందు ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, నా వంక ఒక చూపు చూసింది. ఆ చూపే ఇక్కడ ప్రమాణం. నలిపితే గులాబీ వాసన వచ్చేది ఆ నాలుగింటిలో జిరేనియం ఒక్కటే.

ఆ వాసన పువ్వుది కాదు, ఆకు మీది నూగుది. నూగు కొసన కంటికి ఆనని నూనె తిత్తులుంటాయి, వేలు తగిలితే చిట్లుతాయి. గులాబీలో ఉండే జెరానియోల్, సిట్రొనెల్లోల్ ఇందులోనూ ఉన్నాయి కనక ముక్కు మోసపోతుంది. గులాబీ నూనె ఖరీదుకి తట్టుకోలేని సబ్బులవాళ్ళూ సెంట్లవాళ్ళూ దీన్ని ఆశ్రయించేది అందుకే. నీలగిరుల్లో, కొడైకెనాల్‌లో, ఏర్కాడులో దీన్ని నూనె కోసం పొలాల్లో వేశారు. అక్కయ్య నాకిచ్చిన కొమ్మ ఆ నీలగిరులదే.

విశేషం. అసలు పేరే తప్పు. 1753లో లిన్నేయస్ వీటన్నిటినీ జిరేనియం ఖాతాలో జమకట్టాడు. కాయ పక్షి ముక్కులా సాగి ఉంటుందని గ్రీకులో క్రౌంచపక్షి పేరు మీద వచ్చిన పేరది. 1789లో లెరితియే అనే ఫ్రెంచి పండితుడు ఈ దక్షిణాఫ్రికా జాతి వేరని విడదీసి, క్రౌంచం బదులు కొంగ పేరు తగిలించి పెలార్గోనియం అన్నాడు. రెండు శతాబ్దాలు దాటినా ఆ కబురు మా నర్సరీకి చేరలేదు. క్రౌంచం అనగానే వాల్మీకి శోకం గుర్తుకొస్తుంది గాని, ఇక్కడ శోకం కుండీలో ఉంది, శ్లోకం ఫ్రిజ్జు మీద ఉంది.

కుండీ = మట్టిపాత్ర. ఇక్కడ లక్షణ. ‘గంగలో గొల్లపల్లె’ అంటే గంగ ఒడ్డున అని అర్థం చేసుకున్నట్టే, కుండీ అంటే అందులోని మట్టి, వేళ్ళు, అడుగు చిల్లు అన్నీ గ్రహించాలి. ఉత్త పాత్ర మార్చి అదే మట్టిముద్దని అందులో దించేవాడు అభిధ దగ్గరే ఆగిపోయినవాడు.

మార్చు = మార్చుము. విధి. ఎప్పుడు, ఎలా అన్నవి గ్రంథంలో లేవు, అధ్యాహారం చేసుకోవాలి. కూనూరు ఆరువేల అడుగుల ఎత్తు, అక్కడ ఈ మొక్కకి ఏడాది పొడుగునా పుట్టింట్లో ఉన్నట్టే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. మే నెల ఎండలో వేళ్ళు కదిపితే వాడుతుంది, శ్రావణం ముసురులో కదిపితే కుళ్ళుతుంది. కనక ‘దసరా వెళ్ళాక’ అని చేర్చుకోవాలి. నా ఆలస్యానికి శాస్త్రబలం దొరికింది ఇక్కడే.

మార్చక తప్పదని మొక్కే చెబుతుంది. పొద్దున పోసిన నీళ్ళు మట్టిలో ఆగకుండా బుడుంగున కిందికి దిగుతాయి, సాయంత్రానికి ఆకులు వాలతాయి, అడుగు చిల్లులోంచి వేళ్ళు తొంగి చూస్తాయి. మా మొక్కకి మూడూ ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం తడిపి ఉంచాను. పొడిమట్టి అయితే వేళ్ళ నుంచి రాలిపోయి సన్నపీచు తెగుతుంది. మర్నాడు కాడ మొదలు రెండు వేళ్ళ మధ్య ఇరికించి, కుండీని బోర్లించి, అంచుని గోడకి రెండుసార్లు తట్టాను. కుండీ ఆకారంలోనే ముద్ద ఊడివచ్చింది. చుట్టూ తెల్లని వేళ్ళు, పేని పేని వేసిన జడలా. మట్టి ఎక్కడా కనిపించదు. మూడేళ్ళుగా ఇది దేన్ని తిని బతికిందో!

ఆ జడని వేళ్ళతో మెల్లగా విడదీయాలి. విడదీయకపోతే కొత్త కుండీలోనూ వేళ్ళు అలవాటు కొద్దీ అక్కడక్కడే తిరుగుతాయి. నల్లగా మెత్తబడ్డవి కత్తిరించెయ్యాలి. కింద కోసినదానికి సమంగా పైనా కొమ్మల్ని మూడో వంతు కుదించాలి, లేకపోతే మిగిలిన వేళ్ళు మొత్తం ఆకులకి నీళ్ళు మొయ్యలేవు. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒకటి, వర్మికంపోస్టు ఒకటి కలిపాను. నల్లరేగడి మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఇసుక పక్క అపార్టుమెంటు కడుతున్నవాళ్ళ కుప్పలోది, మేస్త్రీ అనుమతితోనే తెచ్చానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. పాత కుండీలో కాడ ఎంతవరకు మట్టిలో ఉందో కొత్తదాంట్లోనూ అంతవరకే. పైన అంగుళం ఖాళీ.

మరీ = మిక్కిలి. అవ్యయం. పెద్దది వద్దని కాదు, ‘మరీ’ పెద్దది వద్దని. ఈ ఒక్క అవ్యయంలో శాస్త్రం సగం ఉంది.

పెద్దది కొనకు = నిషేధం. ఇక్కడ ‘పెద్దదే కొను’ అని నర్సరీ పాఠాంతరం. “పెరిగే మొక్కే గదా సార్, ఒకేసారి పన్నెండంగుళాలది తీసుకోండి” అన్నాడు. నేను తీసుకున్నాను కూడా. ఆరంగుళాల కుండీకి పన్నెండంగుళాలది రెట్టింపు అనుకుంటాం. ఎత్తూ వెడల్పూ రెండూ రెట్టింపైతే లోపల మట్టి ఎనిమిది రెట్లు. పిడికెడు వేళ్ళు అంత మట్టిలోని తడిని తాగలేవు. తాగనిచోట తడి నిలుస్తుంది, గాలి ఆడదు, వేళ్ళు కుళ్ళుతాయి. ఆరు నుంచి ఎనిమిదికి వెళ్తే మట్టి రెట్టింపు దాటి కాస్త, అంతే. పైగా ఈ జాతి కొంచెం ఇరుకులో ఉంటేనే ఎక్కువ పూస్తుంది. కాబట్టి నర్సరీ పాఠం ప్రక్షిప్తం. ఆ పన్నెండంగుళాల కుండీలో ఇప్పుడు మనవడి క్రికెట్ బంతులున్నాయి.

నీళ్ళు పోసి చంపకు = జలప్రదానంతో వధించకు. ‘పోసి’ అన్న క్త్వార్థకంలో నేర చరిత్ర ఉంది. అక్కయ్య అంతకుముందు ఇచ్చిన మొక్క నా చేతుల్లోనే పోయింది. రోజూ చెంబెడు పోశాను. మొదట్లో కాడ నల్లబడి మెత్తబడింది, ఆ నలుపు పైకి పాకింది. ఆకులు వాలితే దాహమనుకుని ఇంకో చెంబు పోశాను. వేళ్ళు కుళ్ళినా ఆకులు వాలతాయన్న సంగతి అప్పటికి తెలియదు. వేలు అంగుళం లోతు దించి, పొడిగా తగిలితేనే పొయ్యాలి. పోస్తే అడుగు చిల్లులోంచి వచ్చేదాకా పొయ్యాలి, పళ్ళెంలో నిలిచింది పారబొయ్యాలి.

పూర్వపక్షం: అడుగున గులకరాళ్ళు పరిస్తే ఎన్ని నీళ్ళు పోసినా దిగిపోతాయి కదా? మా వీధిలో ఇది సర్వసమ్మతం. 

సిద్ధాంతం: దిగవు. తడిసిన స్పాంజిని గులకరాళ్ళ మీద పెట్టి చూడండి, తనలోని నీటిని పట్టుకునే ఉంటుంది. సన్నమట్టి పూర్తిగా నానితే గాని కింది ముతక పొరలోకి నీటిని వదలదు. రాళ్ళు పరిస్తే ఆ నానిన చిత్తడి పొర పైకి, వేళ్ళ దగ్గరికి జరుగుతుంది, అంతే. చిల్లు మీద మట్టి జారకుండా ఒక్క పెంకుముక్క చాలు.

తాత్పర్యం

స్పష్టం.

ఇది ఆదివారం పూట పని తప్పించుకోబోయి ఇరుక్కున్నవాడి కృతిలో కుండీ సంజీవని సమాప్తం. మొక్క వారం రోజులు నీడలో ఉండి, ఇప్పుడు పొద్దుటెండలోకి వచ్చింది. కుదించిన కొమ్మల్లో ఆరింటిని ఒక పూట నీడన ఆరనిచ్చి ఇసుకలో గుచ్చితే నాలుగింటికి వేళ్ళు పట్టాయి. కావలసినవారు వచ్చి తీసుకెళ్ళవచ్చు. కుండీ మీరే తెచ్చుకోండి, నాలుగంగుళాలది చాలు.