సూరత్‌లో ప్యాక్‌మ్యాన్ దర్శనం

తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలని గుజరాతీల మాట. మన యాత్రికులు దానికి మూడోది తగిలించారు: వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఓ 'క్లాసిక్ ఆర్కేడ్' చూడాలట. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ దిగి, నోట్లో లోచో ఉండగానే ఫోన్లో వెతుకుడు. ఫోను డుమాస్ రోడ్డు మాల్స్ వైపు దారి చూపిస్తుంది. లేదు అనడం దానికి చేతకాదు కదా!

లోపలికి అడుగుపెడితే గోడ మీద ప్యాక్‌మ్యాన్ బొమ్మ, కింద 'రెట్రో' అని లైట్లు. ప్యాక్‌మ్యాన్ పుట్టింది 1980లో, ఆ గోడకు రంగేసింది మొన్న. క్లాసిక్ అంతటితో సరి. మిగతాదంతా కార్డు గీకితే కదిలే మోటారు సైకిళ్లు, బొమ్మల్ని పట్టినట్టే పట్టి జారవిడిచే క్రేన్లు. చాలా క్రేన్లలో ఆ పట్టు ఎంత ఉండాలో ఓనరే సెట్ చేసుకోవచ్చు. పిల్లాడేమో తన గురే తప్పిందనుకుని, "ఇంకోసారి డాడీ" అంటాడు.

తొంభైల్లో ట్యూషన్ ఎగ్గొట్టి దూరిన షాపుకు ఈ బిరుదులేవీ లేవు. చెక్కపెట్టె, గీతలు పడ్డ తెర, రూపాయి బిళ్ల. 1993 నాటి 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'ను ఆ పేరుతో అడిగినవాడు లేడు. అది ముస్తఫా గేమ్, అంతే. ఒక్క బిళ్లతో ఆఖరి దాకా వెళ్లే మొనగాడు పేటకొకడు ఉండేవాడు. వాడొస్తే షాపాయన మొహం మాడిపోయేది. ఆట వచ్చినవాడి రూపాయి సాగుతుంది మరి! ఇప్పటి కార్డుకు మొనగాడూ మొద్దూ ఒకటే. టైమైంది, దిగు. అసలు గుణాన్ని పీకేసి బొమ్మను గోడకెక్కించడమే క్లాసిక్కా?

అదే సూరత్ లింబాయత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపే తెలంగాణ బామ్మర్ది వెంట వస్తే ఇంకా మజా. "బావా, పాత సాంచెలు జూపియ్యమంటే జూపిస్త. గేమ్ డబ్బాలు ఎప్పుడో పాతసామాన్లోళ్లకు పోయినయ్."

బావ వింటేగా! టోక్యోలో వీధులేలిన సెగా కంపెనీయే 2022లో మిగిలిన వాటా అమ్ముకుని ఆర్కేడ్లు నడిపే వ్యాపారం నుంచి తప్పుకుంది. డుమాస్ రోడ్డు మాత్రం ఆయన బాల్యాన్ని భద్రంగా దాచి ఉంచిందని నమ్మకం. కార్డు నింపించాడు. యంత్రం బారెడు టికెట్లు కక్కింది. కౌంటర్లో అమ్మాయి వాటిని లెక్కేసి ఓ పెన్సిలు, ఓ రబ్బరు చేతిలో పెట్టింది. వాటితో సెల్ఫీ దిగి, 'చిన్నతనం దొరికింది' అని పోస్టు పెట్టేశాడు. కార్డులో మిగిలిన డబ్బులు వెనక్కివ్వరట.