మరమ్మతు మధ్యలో ఆగిన ఇంజను: ఇష్ట్వాన్‌తెలెక్ షెడ్డులోని ఒక 424 ఆత్మకథ

హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌కు ఉత్తర భాగాన, ఇష్ట్వాన్‌తెలెక్ అనే చోట, ఆ దేశపు ప్రభుత్వ రైల్వేలకు చెందిన పాత మరమ్మతు కర్మాగారంలో, పైకప్పు చాలావరకు చిల్లులు పడిన ఒక పొడవాటి షెడ్డులో నిలిచివున్న ఆవిరి ఇంజను తన చరిత్రను ఇక్కడ చెప్పుకుంటున్నది. దీనిది 424 తరగతి. తరగతి అంటే ఒకే నమూనా ప్రకారం తయారై, ఒకదాని విడిభాగాలు మరొకదానికి సరిపోయే ఇంజన్ల సమూహమని అర్థం. తరగతి సంఖ్య పక్కన కామా పెట్టి రాసే సొంత సంఖ్య ప్రతి ఇంజనుకూ ఉంటుంది గాని, దీని నంబరు పలకను ఎవరో విప్పుకుపోయారు కనుక ఆ వివరం లేకుండానే కథ నడవాలి.

424 తరగతిలో తొలి ఇంజను కెర్తేస్ బేలా రూపకల్పనతో 1924లో బుడాపెస్ట్‌లోని మావాగ్ కర్మాగారంలో తయారైంది. ముందు బరువును పంచుకునే నాలుగు చిన్న చక్రాలు, వాటి వెనక కడ్డీలతో ఒకదానికొకటి జతపడి తిరిగే ఎనిమిది పెద్ద చక్రాలు ఉండడం, ఆ పెద్ద చక్రాల వ్యాసం 1606 మిల్లీమీటర్లు మాత్రమే కావడం వల్ల ఈ ఇంజను గంటకు 90 కిలోమీటర్ల వేగంతో ప్రయాణికుల రైలును నడపగలిగేది, బరువైన గూడ్సునూ లాగగలిగేది. 1958 వరకు, మధ్యలో కొంత విరామంతో, ఈ రకం ఇంజన్లు 514 తయారయ్యాయి. వాటిలో కొన్ని పొరుగు దేశాలకూ వెళ్లాయి. హంగేరీ రైల్వే కార్మికులు దీన్ని గేదె అని ముద్దుగా పిలిచేవారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో అయిదు స్వర్ణ పతకాలు గెలిచిన ఫిన్లాండ్ పరుగు వీరుడు పావో నుర్మి పేరు కూడా దీనికే పెట్టారు. ఒకే యంత్రానికి ఈ రెండు పేర్లూ కుదరడం దాని రెండు రకాల కొలువుకు తగినట్టే ఉంది.

మరమ్మతు కర్మాగారమంటే చెడిపోయిన ఇంజనును బాగుచేసే చోటని మాత్రమే అనుకుంటే విషయం సగమే అర్థమవుతుంది. చెడినా చెడకపోయినా, నిర్ణీత దూరం నడిచిన ఇంజను గడువు ప్రకారం అక్కడికి చేరేది, దాన్ని పూర్తిగా విప్పేసేవారు. మన రైల్వే ఉద్యోగులు పీఓహెచ్ అని పొట్టిగా పిలిచేదీ, సికింద్రాబాద్ లాలాగూడ వర్క్‌షాపులో రైలు పెట్టెలకు జరిగేదీ ఈ పనే. క్రేనుతో బాయిలరును చట్రం మీంచి లేపి ఒక దిక్కుకు, చక్రాలను ఒక దిక్కుకు, పిస్టన్లనూ వాల్వులనూ మరో దిక్కుకు పంపేవారు. బాయిలరులో వేడి పొగ ప్రయాణించే గొట్టాల మీద నీటిలోని సున్నం పెచ్చుకట్టి వేడిని అడ్డుకుంటుంది, లోహాన్ని కాల్చేస్తుంది కనుక ఆ గొట్టాలను బయటికి లాగి, పెచ్చు రాల్చి, దెబ్బతిన్న కొసలను కోసి కొత్త ముక్క అతికి మళ్లీ బిగించేవారు. బొగ్గు మండే ఫైర్‌బాక్సు గోడను బాయిలరు బయటి గోడతో కలిపి పట్టివుంచే వందలాది చిన్న కడ్డీలను స్టే బోల్టులంటారు. బాయిలరు పనివాడు ఒక్కొక్కదాన్నీ సుత్తితో తట్టి, అది మోగే తీరునుబట్టి విరిగినదేదో చెప్పేవాడు. చక్రం చుట్టూ ఉండే ఉక్కు పట్టాను టైరు అంటారు. దాన్ని కాల్చితే వ్యాకోచించి చక్రం మీదికి జారుతుంది, చల్లారితే బిగుసుకుంటుంది. ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా తొడిగే పద్ధతికీ దీనికీ సూత్రంలో తేడా లేదు, బరువులోనే తేడా.

ఈ పనుల్లో బాయిలరుకే అన్నిటికన్నా ఎక్కువ కాలం పడుతుంది. చట్రమూ చక్రాలూ సిద్ధమయ్యాక బాయిలరు కోసం ఇంజనును ఖాళీగా కూర్చోబెట్టడం నష్టం కనుక, ముందే బాగుచేసి ఉంచిన మరో బాయిలరును దాని మీద దించి పంపడం ఆవిరి కాలపు రైల్వేల్లో మామూలు పద్ధతి. అలా రెండు మూడు మార్లు కర్మాగారానికి వెళ్లివచ్చిన ఇంజను చట్రం ఒక ఏడాదిది, బాయిలరు వేరొక ఏడాదిది, టెండరు, అంటే బొగ్గునూ నీటినీ మోసే వెనక బండి, మరో ఇంజనుది అవుతుంది. ఈ ఇంజను కనెక్టింగ్ రాడ్డు చివర అంకెల అచ్చులతో కొట్టిన సంఖ్య ఒకటుంది. దాన్ని కొట్టివేసి పక్కన వేసిన సంఖ్య మరొకటుంది. ఏ భాగం తరఫున మాట్లాడుతున్నదో తేల్చుకోలేని యంత్రం తన గురించి తాను పరాయిదానిలాగే చెప్పుకోవడం వినయం కాదు, ఉన్న స్థితిని ఉన్నట్టు ఒప్పుకోవడమే.

తర్వాతి కాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 1960ల నుంచి విద్యుత్తు ఇంజన్లూ, సోవియట్ యూనియన్‌లో తయారైన ఎం62 డీజిళ్లూ వచ్చి చేరాయి, 1984 నాటికి హంగేరీలో ఆవిరి ఇంజన్ల నిత్య సేవ ముగిసింది. ఈ ఇంజను మరమ్మతుకని చేరిన షెడ్డులోనే ఉండిపోయింది. కొన్ని కడ్డీలు విప్పి ఉన్నాయి, ముందు తలుపు తెరిచి ఉంది, విప్పినవారు మళ్లీ రాలేదు.

వచ్చినవారు వేరు. పాడుబడిన కట్టడాల్లోకి వెళ్లి చూసి ఫొటోలు తీసేవారిని అర్బన్ ఎక్స్‌ప్లోరర్లంటారు. సోషలిస్టు పాలన నాడు ఇంజను ముఖాన బిగించిన ఎర్ర నక్షత్రం వారిని ఆకర్షించడం వల్ల, ఈ చోటుకు ఎర్ర నక్షత్రపు రైళ్ల శ్మశానమనే పేరు దేశదేశాల్లో స్థిరపడింది. షెడ్డులో వెలుతురు తక్కువ కనుక వారు కెమెరాను ముక్కాలి స్టాండు మీద నిలిపి, షట్టరును కొన్ని సెకన్లపాటు తెరిచివుంచి, ఒకే దృశ్యాన్ని ఎక్కువ తక్కువ వెలుతురుల్లో తీసి కలుపుతారు. ఆ కలపడంలో తుప్పు ఉన్నదానికన్నా ఎర్రగా, పట్టాల మధ్య మొలిచిన మొక్కలు ఉన్నవాటికన్నా పచ్చగా తేలుతాయి. చిత్రాలు అందంగానే ఉంటాయి; శ్మశానమనే మాటే సరికాదు, ఎందుకంటే ఇక్కడ కనిపించేది ముగిసిన బతుకు కన్నా ముగియని పని.

తుప్పును కూడా చదవవచ్చు. ఇంజను ముందుభాగంలో పొగా బూడిదా చేరే గదిని స్మోక్‌బాక్సు అంటారు. బొగ్గులోని గంధకం బూడిదలో మిగిలి, తేమ తగిలితే ఆమ్లంగా మారుతుంది కనుక ఆ గది అడుగు రేకు అన్నిటికన్నా ముందు తుప్పు తిని చిల్లులు పడుతుంది. ఫొటోల్లో ఎంతో మెచ్చుకునే ఆ చిల్లులకు కాలమొక్కటే కారణం కాదు, చివరిసారి బూడిద ఎత్తకపోవడం కూడా. ఇత్తడి, రాగి భాగాలు పోవడానికి తుప్పుతో సంబంధమే లేదు, అది దొంగల పని.

ఫొటోల కింది వ్యాఖ్యల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1944 మే నుంచి జులై వరకు, రెండు నెలలలోపే, హంగేరీ నుంచి 4 లక్షలకు పైగా యూదులను రైళ్లలో, అత్యధికులను ఆష్‌విట్స్ మరణ శిబిరానికి, తరలించారు. ఇష్ట్వాన్‌తెలెక్‌లో నిలిచివున్న పెట్టెలు ఆ రైళ్లవేనని చాలా చిత్రాల కింద రాస్తుంటారు. అంతటి ఘోరానికి సాక్ష్యంగా చూపే వస్తువుకు తయారీ పలక, సంఖ్య, రైల్వే దస్తావేజు ఆధారం కావాలి. పాతగా కనిపించడం ఆధారం కాదు. మరణించినవారి పట్ల గౌరవం కోరేది కూడా ఆ కచ్చితత్వాన్నే.

పాత రైల్వే షెడ్లన్నీ ఇలా పాడుబడలేదు. ఈ నగరంలోనే మూతపడిన మరో మరమ్మతు కర్మాగారంలో, ఫెకెతెహాజి యానోష్ రూపొందించిన 19వ శతాబ్దపు షెడ్డును జాతీయ ఒపేరా సంస్థ తన వర్క్‌షాపులకూ రిహార్సళ్లకూ వాడుకుంటున్నది. 2000లో తెరిచిన రైల్వే మ్యూజియం పార్కు కూడా బుడాపెస్ట్‌లోనే, ఒక పాత లోకో షెడ్డులోనే ఉన్నది. ఇష్ట్వాన్‌తెలెక్‌కు అంతటి అదృష్టం పట్టకపోయినా, దాని గురించి తెలుసుకోగలిగినదంతా ఇంకా ఈ ఇనుము మీదే రాసివుంది, ఏటేటా కొంత రాలిపోతున్నది.

అనుమతి లేకుండా ఇక్కడికి రావడం నిషిద్ధం, ప్రమాదకరం కూడా. ఆ కాలపు బాయిలర్లకు వేడి పోకుండా చుట్టడానికి ఆస్బెస్టాస్ వాడడం సర్వసాధారణం, దాని సన్నని పోగులు ఊపిరితో లోపలికి పోతే క్యాన్సరుకు దారితీస్తాయి. అనుమతితో వచ్చేవారు ఏ భాగాన్నీ విప్పుకుపోకుండా, రాడ్డు చివర ఉన్న రెండు సంఖ్యలనూ, బాయిలరు పలక మీది సంవత్సరాన్నీ చదవడానికి వీలయ్యేంత దగ్గరగా, రంగులు పెంచకుండా ఫొటో తీసి, ఆ ప్రతిని రైల్వే మ్యూజియానికి పంపాలని ఈ ఇంజను కోరుతున్నది.