కంచికెళ్లిన కథను వెనక్కి పిలిపించిన అధికారికి

శ్రీయుత విన్స్ గిలిగన్ గారికి,
తలరాతల శాఖ ప్రధానాధికారి,
ఆల్బుకర్కీ సర్కిల్, న్యూ మెక్సికో.

విషయం: జెస్సీ పింక్‌మన్ అను కుర్రవాని ఫైలును 2013లో మూసివేసి, కొత్త సాక్ష్యమేదీ లేకుండానే 2019లో తిరిగి తెరుచుట గురించి.

అయ్యా,

రాత్రుళ్లు నిద్ర మానుకుని మీ సిరీస్ చూసిన తెలుగు ప్రేక్షకుల్లో ఒకడు రాసుకుంటున్న మనవి. అర్జీ అన్నాక ముందు పాత ఫైలు సంగతి విన్నవించుకోవడం మా ఆఫీసుల పద్ధతి. అందుకని మీకు తెలిసిందే మళ్లీ మీకు చెబుతున్నాను, విసుక్కోకండి.

2008 జనవరి 20న మొదలైన ‘బ్రేకింగ్ బ్యాడ్’ను 62 ఎపిసోడ్లు నడిపి, 2013 సెప్టెంబర్ 29న ముగించారు. ఆఖరి ఎపిసోడ్ రాసిందీ మీరే, తీసిందీ మీరే. అంత శుభ్రంగా ముగిసిన కథ టీవీలో అరుదు. మత్తుమందు వండేది అంతా కుటుంబం కోసమేనని ఐదు సీజన్లు బొంకిన వాల్టర్ వైట్ అనే కెమిస్ట్రీ మాస్టారు, కాదు నా కోసమే చేశానని భార్య ముందు ఒప్పుకున్నాడు. కారు డిక్కీలో మెషిన్‌గన్ బిగించి, జెస్సీని బందీగా పెట్టుకున్న జాక్ ముఠాను తుడిచిపెట్టాడు. మాస్టారి పాత శిష్యుడు జెస్సీ, తనను కట్టేసిన గొలుసుతోనే ఆ ముఠాలోని టాడ్ పీక నులిమాడు. నన్నూ చంపెయ్యమని మాస్టారు అడిగితే, ఆ పని నువ్వే చూసుకోమని తుపాకీ అవతల పారేశాడు. టాడ్ కారెక్కి, గేటు విరగ్గొట్టుకుని వెళ్లిపోయాడు. ఏడుస్తున్నాడా నవ్వుతున్నాడా అంటే చెప్పలేం, జెస్సీ పాత్ర వేసిన ఏరన్ పాల్ మొహంలో రెండూ ఒక్కసారే కనిపిస్తాయి. కథ కంచికి, మనం ఇంటికి.

తర్వాత వాడేమయ్యాడని అడిగినవాళ్లు లేకపోలేదు. వాళ్లకు మీరు ఆ ఏడాదే ఒక ఇంటర్వ్యూలో సమాధానం ఇచ్చేశారు. పోలీసులకు దొరికిపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది గానీ, అలాస్కా చేరి ప్రశాంతంగా బతుకుతున్నాడని నమ్మడమే మీకిష్టమన్నది దాని సారాంశం. అభిమానులకు అది చాలు. ఆరేళ్లు గడిచాక, ఆల్బుకర్కీలో గుట్టుగా షూటింగ్ జరిపించి, 2019 అక్టోబర్ 11న నెట్‌ఫ్లిక్స్‌లో ‘ఎల్ కమీనో’ విడుదల చేశారు. రెండు గంటల పైచిలుకు సినిమా. ఇంతా చేసి కుర్రాణ్ని ఎక్కడ దించారయ్యా అంటే, అలాస్కాలో. నోటిమాటగా చెప్పిన అడ్రసుకే స్టాంపు వేసి ఇచ్చారన్నమాట.

ఇందులో మా వైపు కష్టం ఒకటుంది. అమెరికాలో ఆదివారం ఆదివారం టీవీ ముందు కూర్చుని చూసినవాళ్లకు, కథ ముగిశాక ఆరేళ్లు దొరికాయి. గేటు దాటిన కారు ఎటు పోయిందో ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకున్నారు. మా దగ్గర చాలామందికి ఈ సిరీస్ పరిచయమైంది ఆలస్యంగా, ఓటీటీ పుణ్యాన. ఆఖరి ఎపిసోడ్ అయిందో లేదో, తర్వాత ఇది చూడండంటూ ‘ఎల్ కమీనో’ బొమ్మ వచ్చి తెర మీద కూర్చుంటుంది. ఆ నవ్వో ఏడుపో ఇంకా కళ్ల ముందు ఆడుతుండగానే, పద పద, వాడు ఎక్కడ దాక్కున్నాడో చూపిస్తానంటుంది. ముగింపు మనసులో ఇంకే తీరిక కూడా ఇవ్వకపోతే ఎలాగండీ?

ముగిసిన కథను మళ్లీ ఎత్తుకోవడమే తప్పని నేననను. ఆ మాట అనే హక్కు తెలుగువాళ్లకు లేదు కూడా. రామాయణం పారాయణ చేసే ఇళ్లలో పట్టాభిషేకం కాగానే హారతిచ్చి పుస్తకం మూసేస్తారు. ఆ పైన ఉన్న ఉత్తరకాండ అసలు వాల్మీకి రాసిందేనా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉన్నారు. అయినా తిక్కన భారతం జోలికి వెళ్లకముందే ఆ ఉత్తరకథను కావ్యంగా రాశాడు. 1963లో ‘లవకుశ’ వస్తే జనం బళ్లు కట్టుకుని మరీ వెళ్లి చూశారు. ఎందుకంటారు? పట్టాభిషేకం దగ్గరే ఆగిపోతే సీతమ్మ సంగతి అడిగే దిక్కుండదు. ఉత్తరకాండ సాక్షాత్తూ రాముణ్ణే బోనెక్కించింది. అంతటి ప్రశ్న మిగిలి ఉన్నప్పుడు కథ వెనక్కి రావలసిందే.

మొన్నమొన్నటి ‘దృశ్యం’ తీసుకోండి. వెంకటేశ్ వేసిన రాంబాబు అనేవాడు ఒక శవాన్ని తీసుకెళ్లి, కడుతున్న పోలీస్ స్టేషన్ కిందే పాతిపెట్టాడు. అది అక్కడ ఉన్నంతకాలం కథ తీరినట్టు కాదు. 2021లో ‘దృశ్యం 2’ తిన్నగా ఆ గోతి దగ్గరికే వెళ్లింది. మీ దేశంలోనే ‘డెడ్‌వుడ్’ సిరీస్‌ను 2006లో అర్ధాంతరంగా ఆపేశారు, 2019లో సినిమా తీసి పూర్తిచేసుకున్నారు. అంతెందుకు, మీరూ పీటర్ గూల్డూ కలిసి ‘బెటర్ కాల్ సాల్’ను 2022లో ముగించినప్పుడు మాస్టారి లాయరు సాల్ గుడ్‌మన్‌ను కోర్టులో నిలబెట్టారు కదా. ఏడేళ్ల జైలుకు కుదుర్చుకున్న బేరాన్ని ఆయన చేతులారా చెడగొట్టుకుని, 86 ఏళ్లు వేయించుకున్నాడు. ఆ లెక్క తేల్చవలసిందే, తేల్చారు.

మరి జెస్సీ విషయంలో ఏ లెక్క మిగిలిందని ఫైలు తెరిచారు?

మీ సినిమా మొత్తంలోకి నాకు బాగా నచ్చిన సీను దగ్గరే ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఎడ్ అని ఒక పెద్దాయన. పైకి వ్యాక్యూమ్ క్లీనర్ల కొట్టు, లోపల మనుషుల్ని మాయం చేసి కొత్త పేరుతో మరోచోట దించే వ్యాపారం. మనిషికి 1,25,000 డాలర్లు. జెస్సీ ఇదివరకోసారి రమ్మని చెప్పి, చివరి నిమిషంలో బండెక్కకుండా పోయాడు గనక, పాతదీ కొత్తదీ కలిపి 2,50,000 కక్కమంటాడు. కుర్రాడు ఉన్నదంతా ముందు పెడతాడు. పెద్దాయన నింపాదిగా లెక్కపెడతాడు. 1,800 తక్కువ. మా ఊళ్లో బట్టల కొట్టువాడైతే రౌండ్ చేసి పంపేసేవాడు. ఈయన ససేమిరా అంటాడు. వెళ్లకపోతే పోలీసుల్ని పిలుస్తానని ఫోన్ ఎత్తుతాడు. ఉత్తుత్తి ఫోన్ అని జెస్సీ భీష్మించుకుంటాడు. నిజంగానే పోలీసు కారు వచ్చి ఆగుతుంది. గొంతు పెంచడు, కోపం తెచ్చుకోడు, నియమం నియమమే. ఆ పాత్ర వేసిన రాబర్ట్ ఫోర్‌స్టర్ సినిమా విడుదలైన రోజే కన్నుమూశారు. ఒక నటుడికి ఇంతకన్నా నిండైన పాత్ర దొరకడం కష్టం.

ఐతే ఆ 1,800 లోటే మీ గుట్టు కూడా బయటపెట్టింది. ఆ డబ్బు కోసం జెస్సీ నీల్ అనే వెల్డర్ దగ్గరికి వెళ్లాలి. 62 ఎపిసోడ్లలో ఈ మనిషి మొహం మేం ఎరగం. జెస్సీని కట్టేసిన గొలుసు ఏర్పాటు ఇతగాడి పనేనని సినిమాలో కొత్తగా తెలుస్తుంది. ఇద్దరూ పాత కౌబాయ్ సినిమాల్లోలా ఎదురెదురుగా నిలబడి తుపాకులు దూస్తారు, షెడ్డు పేలిపోతుంది. పాత బాకీ లేకపోయేసరికి కొత్త బాకీ సృష్టించవలసి వచ్చింది, పాత శత్రువులంతా చచ్చి కూర్చున్నందువల్ల కొత్త శత్రువును పుట్టించవలసి వచ్చింది. సినిమాకి పేరిచ్చిన కారు సైతం మొదట్లోనే మిత్రుడు స్కిన్నీ పీట్ ఇంటి దగ్గర ఆగిపోయి, జెస్సీ మరో కారులో పోతాడు. చెప్పడానికి ఏమీ మిగలనిచోట ఇలాంటి అతుకులే పడతాయి.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఒక సీను ఉంది. అప్పటికింకా పాత రోజులే, వ్యానులో రోజుల తరబడి సరుకు వండి అలిసిపోయిన మాస్టారూ జెస్సీ హోటల్లో టిఫిన్ తింటుంటారు. నువ్వు కాలేజీలో చేరకూడదా అని మాస్టారు సలహా ఇస్తూ, ముందు హైస్కూలు గట్టెక్కాలి కదా అన్నట్టు మాట్లాడతాడు. నేను హైస్కూలు పాసయ్యాను, పట్టా ఇచ్చినప్పుడు మీరూ స్టేజీ మీదే ఉన్నారు అంటాడు జెస్సీ. అంతే. ఆ మాస్టారు ఈ కుర్రాణ్ని ఎన్నడూ సరిగా చూడనే లేదని ఐదు సీజన్లుగా మాకు అనిపిస్తున్నదాన్ని ఒక్క మాటలో చెప్పేశారు. కాకపోతే ఇది సిరీస్‌లో ఎక్కడైనా ఇమిడిపోయే ముక్క, దీనికోసం సినిమా అక్కర్లేదు. (మరో సంగతి. సినిమాలో చూపించిన, టాడ్‌తో గడిపిన పాత రోజులు కథ ప్రకారం కొన్ని నెలల కిందటివి, నటుల ఒళ్ల మీద మాత్రం ఆరేళ్లు దాటిపోయాయి. మా సినిమాల్లో అరవై దాటిన హీరో కాలేజీకి వెళతాడు కాబట్టి మేం పెద్దగా పట్టించుకోలేదు.)

నిజానికి తేలని లెక్క ఒకటుంది. బ్రాక్. వాల్టర్ వాడికి విషం పెట్టాడు. జెస్సీ పారిపోబోతే, అందుకు శిక్షగా టాడ్ ఆ పసివాడి తల్లి, జెస్సీ ప్రేమించిన ఆండ్రియాను గుమ్మంలోనే కాల్చేశాడు. జెస్సీని కారులో కట్టేసి అది చూపించారు. ఆ పిల్లాడికి జెస్సీ ఏం సమాధానం చెప్పుకుంటాడు? సినిమా తీయక తప్పనిదేదైనా ఉంటే, అది ఈ ప్రశ్న కోసమే. మీ సినిమా ఆ పిల్లాడి గుమ్మం తొక్కలేదు. అలాస్కాలో విడిపోయేముందు జెస్సీ ఎడ్ చేతిలో బ్రాక్ పేర రాసిన ఒక కవరు పెడతాడు. లోపల ఏం రాశాడో మీరు చదివి వినిపించలేదు.

ఆ కవరు విప్పకపోవడం ఈ సినిమాలో మీరు చేసిన అన్నిటికంటే మంచి పని. క్షమాపణ అడిగినా, నిజం చెప్పినా, వీడ్కోలు పలికినా మేం ఊహించుకోగలమని మమ్మల్ని నమ్మారు. విరిగిన గేటు దగ్గర కూడా అంతే నమ్మి వదిలేసి ఉంటే ‘ఎల్ కమీనో’ అవసరమే పడేది కాదు. బాగా తీసిన సినిమానే, మళ్లీ వేస్తే మళ్లీ చూస్తాను, కానీ అక్కర్లేని సినిమా. నా వరకు తీర్పు ఇదే.

కావున తమరిని ప్రార్థించేది ఏమనగా: అలాస్కాలో జెస్సీ కొత్త పేరుతో కాపురం పెట్టినట్టో, వడ్రంగం నేర్చుకున్నట్టో, బ్రాక్ పెద్దవాడై వెతుక్కుంటూ వచ్చినట్టో ఇంకో సినిమా తీయమని ఏ కంపెనీవారు ఎంత పెద్ద చెక్కు పట్టుకొచ్చినా, ఫైలు మూసి ఉందని చెప్పి పంపించెయ్యండి. ఆ కవరు మాత్రం ఎప్పటికీ విప్పకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆఖరి ఎపిసోడ్ దగ్గరే ఆగి ఉండాల్సిన ఒక ప్రేక్షకుడు